యుద్ధకాలపు వార్తలు - ఒక అమెరికా మితవాది

మితవాది యను మాట మన చరిత్రపాఠములలో 1907వ సంవత్సరపు సూరతు కాంగ్రెసుతో ముడివడి యున్నది. ఒకవైపు గోఖలే మొదలగు మితవాదులు, మఱియొకవైపు తిలకు మొదలగు అతివాదులు. అతివాదుల మాటలయందు వేడి యుండుటచేత విద్యార్థులు వారినే మెచ్చుకొందురు. మితవాదులు పిఱికివారని పరీక్షాపత్రములలో వ్రాయువారును కలరు. మేము ఈ వ్యాసమున మితవాది యనునది వేఱొక అర్థమున వాడుచున్నాము. ఏ పక్షమువారు చెప్పినను, సాక్ష్య మెంతవఱకు కలదో అంతవఱకే నమ్మి, మిగిలినది వేచిచూచువాడు మితవాది. ఇట్టివానికి శాంతికాలమున గిరాకీ తక్కువ. యుద్ధకాలమున నన్ననో అతడు ద్రోహివలె కానవచ్చును. ఇరువదవ శతాబ్దమున అమెరికా దేశమందు ఈ పనికి పూనుకొనిన వాల్టర్ లిప్‌మన్ అను పత్రికారచయితను గూర్చియు, అతడు పరీక్షించిన యుద్ధవార్తలను గూర్చియు, అతడే త్రోవ తప్పిన చోటును గూర్చియు చెప్పదలచితిమి.

మొదట అమెరికా రాజ్యాంగమున యుద్ధవిషయ మెట్లున్నదో తెలిసికొనవలయును. యుద్ధము ప్రకటించు నధికారము కాంగ్రెసు అను శాసనసభది. సేనలకు అధిపతి మాత్రము అధ్యక్షుడు. పెట్టె ఒకరియొద్దను తాళపుచెవి ఒకరియొద్దను ఉన్నట్టి యేర్పాటిది. 1942వ సంవత్సరము జూను నెలలో బల్గేరియా, హంగేరి, రుమేనియా దేశములపై చేసినదే ఆ సభవారి కడపటి యుద్ధప్రకటనము. తరువాత కొరియాలోను, వియత్నాములోను, ఇరాకులోను పోరాడినదంతయు అట్టి ప్రకటనము లేకుండగనే జరిగినది. ప్రకటనము లేనప్పుడు ప్రజలకు యుద్ధము పత్రికలోని వార్తగానే మొదలగును. కావున ఆ మొదటి వార్త నిజమా కాదా యన్న ప్రశ్నకు ప్రాణములంత బరువు కలదు.

లిప్‌మన్ 1889వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీని న్యూయార్కు నగరమున, జర్మనీనుండి వలసవచ్చిన యూదుల కుటుంబమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి, 1914లో న్యూ రిపబ్లిక్ అను వారపత్రికను నెలకొల్పినవారిలో నొకడయ్యెను. 1917 ఏప్రిలులో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. అధ్యక్షుడు విల్సన్ ఆ నెలలోనే జార్జి క్రీల్ అను పత్రికారచయిత పెత్తనమున ప్రజాసమాచార సంఘము నొకదానిని స్థాపించెను. గోడపత్రికలు, చలనచిత్రములు, కరపత్రములు అన్నియు దాని చేతిలోనివే. సినిమాశాలలో రీలు మార్చు నాలుగు నిమిషముల వ్యవధిలో లేచి యుద్ధమును గూర్చి ప్రసంగించుటకై అది సుమారు 75,000 మంది వక్తలను సిద్ధపఱచెను. వారికి ‘నాలుగు నిమిషములవారు’ అని పేరు. లిప్‌మన్ సైతము 1918లో సైన్యమున చేరి, ఫ్రాన్సునందుండి, జర్మను సైనికుల మనస్సు విఱుచుటకు కరపత్రములు వ్రాసెను. వార్త యెట్లు వండబడునో వంటయింట నిలిచి చూచినవాడనుట.

ఆ వంట పొగ ఎంతదూరము ప్రాకెనో మనబోటి పాఠశాలలవారు ప్రత్యేకముగా తెలిసికొనదగియున్నది. అమెరికా మధ్యభాగమందలి నెబ్రాస్కా రాష్ట్రమున జర్మను మాటలాడు కుటుంబములు చాలకాలమునుండి స్థిరపడి, తమ బడులలో తమ భాషయు నేర్పుకొనుచుండెడివి. యుద్ధవార్తలు దినదినము జర్మనులను రాక్షసులుగా చిత్రింపగా, పొరుగువాని నోటి మాటయే శత్రువు పలుకువలె జనులకు వినిపింపసాగెను. జర్మను వంటకములకు సైతము పేరులు మార్చిరి. 1919లో ఆ రాష్ట్రమువారు ఒక శాసనము చేసిరి. ఎనిమిదవ తరగతి దాటనిదే ఏ బాలునకును ఇంగ్లీషు గాక వేఱొక భాష నేర్పరాదు, ఏ పాఠమును ఇతరభాషలో బోధింపరాదు. యుద్ధము 1918 నవంబరులోనే ముగిసినదని చదువరులు గమనింతురు గాక! యుద్ధము ముగిసినను వార్తలు నాటిన విత్తనము ముగియలేదు. 1920 మే నెలలో రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయుడు పదియేండ్ల బాలునిచేత జర్మను పుస్తకము చదివించెను. అది నేరమయ్యెను. 25 డాలర్లు జరిమానా వేసిరి. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించెను. మేయర్ పట్టు విడువలేదు. 1923వ సంవత్సరము జూను 4వ తేదీని అమెరికా సుప్రీముకోర్టు, ఏడుగురు న్యాయాధిపతు లొకవైపును ఇద్దఱొకవైపును నుండగా, ఆ శిక్షను కొట్టివేసెను. బిడ్డకు చదువు చెప్పించుకొను తల్లిదండ్రుల స్వేచ్ఛయు, చెప్పు ఉపాధ్యాయుని స్వేచ్ఛయు రాజ్యాంగరక్షితములేనని తీర్పు.

మన రాజ్యాంగమున భాషాల్పసంఖ్యాకులు విద్యాసంస్థలు నెలకొల్పుకొను హక్కు 30వ అధికరణమున స్పష్టముగా వ్రాయబడినది. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనను 350-ఎ అధికరణము 1956లో చేరినది. వ్రాసియుండుట యెంత మేలో నెబ్రాస్కా కథ చదివిన పిమ్మట తెలియును.

ఇక లిప్‌మన్ చేసిన పరీక్ష. 1920 ఆగష్టులో అతడును చార్లెస్ మెర్జ్ అను మిత్రుడును కలసి న్యూ రిపబ్లిక్ పత్రికకు అనుబంధముగా ఒక విమర్శ ప్రకటించిరి. న్యూయార్కు టైమ్స్ పత్రికలో 1917 మార్చినుండి 1920 మార్చివఱకు రష్యా విప్లవమును గూర్చి వచ్చిన వార్తలన్నిటిని, అనగా మూడేండ్ల సంచికలను, ముందు వేసికొని చదివిరి. వారి పద్ధతి మెచ్చదగినది. విప్లవము మంచిదా చెడ్డదా యన్న చర్చకు వారు దిగలేదు. ఆ చర్చలో ఎవరికి తోచినది వారు చెప్పవచ్చును. ఎవ్వరును కాదనలేని కొన్ని సంగతులను మాత్రము కొలతగా గైకొనిరి. 1917 జూలైలో రష్యా సైన్యముల దండయాత్ర విఫలమైనది. నవంబరులో బోల్షెవిక్కులు అధికారము చేపట్టిరి. 1918 మార్చిలో రష్యా జర్మనీతో విడిగా సంధి చేసికొనెను. కొల్చాకు, డెనికిన్, యుడెనిచ్ అను సేనాపతుల తిరుగుబాటు దండయాత్రలు ఫలింపలేదు. 1920 మార్చినాటికిని బోల్షెవిక్కులే రాజ్యమేలుచుండిరి. ఇవి కొలత. ఈ కొలతతో వార్తలను కొలిచి చూడగా, బోల్షెవిక్కుల ప్రభుత్వము కూలినదనియో కూలబోవుచున్నదనియో ఆ పత్రిక 91 మార్లు ప్రకటించినట్లు తేలెను! రెండేండ్లలో తొంబదియొక్క మార్లు మరణించి, ప్రతిపర్యాయము లేచి కూర్చున్న ప్రభుత్వమిది. మన హరికథలలోని రాక్షసులకును ఇంతటి ఆయుస్సు లేదు.

ఇది యెవరో పన్నిన కుట్ర యని లిప్‌మన్ చెప్పలేదు. అక్కడనే అతని మితవాదము కనబడును. విలేఖరులు లంచము తిన్నవారు కారు. వారు కోరుకొనుచున్నది కలదు, భయపడుచున్నది కలదు. ఆ రెండును వారి కన్నులకు అద్దములైనవి. అంతకంటె ముఖ్యముగా, వారు అధికారుల మాటలను, పేరు చెప్పని పెద్దల మాటలను, దేశము విడిచి వచ్చినవారి మాటలను, కన్నులార చూచిన సంగతులతో సమానముగా ముద్రించిరి.

ఇచ్చట వ్యాకరణపాఠము ఒకింత జ్ఞప్తికి తెచ్చుకొందము. కర్తరివాక్యమున ‘రాముడు రావణుని చంపెను’ అందుము. కర్మణివాక్యమున ‘రావణుడు రామునిచే చంపబడెను’ అందుము. రెండవదానిలో ‘రామునిచే’ అను మాట తీసివేసినను వాక్యము నిలుచును. కర్త కనబడడు. ‘అని తెలియవచ్చినది’, ‘అని భావింపబడుచున్నది’, ‘అని విశ్వసనీయవర్గముల భోగట్టా’ అను పలుకుబడులన్నియు ఈ కర్త కనబడని వాక్యములకు చుట్టములే. ఎవరికి తెలియవచ్చినది? ఎవరు భావించుచున్నారు? ఎనిమిదవ తరగతి విద్యార్థి అడుగదగిన ప్రశ్నలే యివి. మనము రెండు భాషల నడుమ నివసించువారము. ఇంట తెలుగు పత్రిక, బజారులో రాష్ట్రభాషాపత్రిక దొరకును. ఒకే సంగతి, ముఖ్యముగా నదీజలములో సరిహద్దులో అయినప్పుడు, రెంటను ప్రక్కప్రక్కన పెట్టుకొని, కర్త దొరకని వాక్యములక్రింద పెన్సిలు గీత గీయుడు. ఏకభాషాప్రాంతములవారికి ఈ సౌకర్యము లేదు.

1922లో లిప్‌మన్ ‘ప్రజాభిప్రాయము’ అను అర్థముగల పేరుతో ఒక గ్రంథము వెలువరించెను. మొదటి పుటలోనే ఒక దీవి కథ చెప్పును. 1914లో ఆ దీవిలో ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, జర్మనులు కలసిమెలసి యుండిరి. టపాఓడ అరువది దినముల కొకసారి వచ్చును. సెప్టెంబరు నడుమ ఓడ వచ్చినప్పుడుగాని తమ దేశములు ఆరు వారములుగా యుద్ధము చేయుచున్నవని వారికి తెలియదు. ఆ ఆరు వారములు వారు శత్రువులై యుండియు మిత్రులవలె మెలగిరి. మనుజుడు నడచుకొనునది లోకము ననుసరించి కాదనియు, తన తలలోని లోకపుచిత్రము ననుసరించియేననియు అతని వాదము. ఆ చిత్రములకు అతడు ‘స్టీరియోటైపు’ అను పేరు పెట్టెను. అది అచ్చుకూటపు మాట. అక్షరములు పేర్చిన పుటకు అచ్చు తీసి, దానిలో కరగిన లోహము పోసి, ఒకే పలకగా చేసికొందురు. పిదప అందొక అక్షరము మార్చవలెనన్నను వీలుపడదు. ఎన్ని వేల ప్రతులు తీసినను అదే పుట. మనస్సులో పోతపోసిన అభిప్రాయమునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

దీనికి మన వైపున ఒక నిదర్శనము కలదు. ఆ 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణపు రేవు ముందు నిలిచి, బర్మా ఆయిలు కంపెనీవారి నూనెతొట్లపై గుండ్లు కురిపించి తొట్లను తగులబెట్టి, అరగంటలోపలనే చీకటిలో మాయమయ్యెను. ఓడ ఒక్కటి, రాత్రి ఒక్కటి. కాని ఆ మఱునాటినుండి వేలకొలది జనులు పట్టణము విడిచి పరువులెత్తిరి. ఆ నౌక నవంబరులోనే ధ్వంసమయ్యెను. అయినను దాని పేరు తమిళమున, గట్టివాడు, టక్కరివాడు అను అర్థమున నేటికిని నిలిచియున్నది. తమిళదేశమందలి మన తెలుగువారును ఆ మాట ఎఱుగుదురు.

ఇంత తెలిసినవాడు తాను తప్పడని యనుకొందుము. తప్పెను. 1941 డిసెంబరు 7వ తేదీని జపాను పెరల్ హార్బరుపై దాడి చేసెను. అమెరికా పడమటి తీరమున జపాను సంతతివారు వ్యవసాయము చేసికొని బ్రతుకుచుండిరి. వారు గూఢచారులను వార్తలు పుంఖానుపుంఖములుగా వెలువడెను. లిప్‌మన్ ఆ తీరమునకు వెళ్లి అధికారులతో మాటలాడి, 1942 ఫిబ్రవరి 12వ తేదీని తన శీర్షికలో, వారిని అచ్చటినుండి తరలింపవలెనని వాదించెను. అతడు చూపిన హేతువును నిదానముగా చదువుడు. దాడి జరిగి రెండు నెలలైనను ఆ తీరమున చెప్పుకొనదగిన విధ్వంసకచర్య యేదియు జరుగలేదు. కావున భయము లేదని తలపరాదు. దెబ్బ సరియైన అదను కొఱకు దాచియుంచబడినదని తలపవలెను. ఏమియు జరుగకుండుటయే నేరమునకు సాక్ష్యమైనది! ఈ తర్కమున నిర్దోషి తన నిర్దోషిత్వమును ఋజువు చేసికొనుటకు దారియే లేదు. తర్కశాస్త్రము చదువని పల్లెటూరి రచ్చబండ పెద్దయును దీనిని త్రోసిపుచ్చును. 91 మార్లు లెక్కపెట్టిన మనుష్యుడే దీనిని వ్రాసెను.

వారము దినములకు, ఫిబ్రవరి 19వ తేదీని, అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఉత్తరువుపై సంతకము చేసెను. సుమారు 1,20,000 మందిని, పొలములను అంగళ్లను వదలించి, ముళ్లకంచెల శిబిరములకు తరలించిరి. వారిలో మూడింట రెండువంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. లిప్‌మన్ వ్రాయకున్నను ఆ ఉత్తరువు రాకుండునని మేము చెప్పజాలము. ఒత్తిడి పలుదిక్కులనుండి వచ్చుచుండెను. కాని మితవాదియని పేరుగొన్నవాడు చెప్పుటచే సందేహించువారికి సందేహము తీరెను. అతివాది మాటకంటె మితవాది తప్పుమాటకు హాని యెక్కువ. 1983లో విచారణసంఘము ఈ తరలింపునకు కారణములు జాతిద్వేషము, యుద్ధోన్మాదము, రాజకీయనాయకుల వైఫల్యము అని తేల్చెను. 1988లో అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన శాసనముచే ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రతికియున్న యొక్కొక్క బాధితునకు 20,000 డాలర్లు చెల్లించెను. నలుబదియాఱేండ్లు పట్టినది. భయము ఒక్క అమెరికావారిదే యని కూడ అనుకొనరాదు. ఆ 1942 ఏప్రిలు 6వ తేదీని జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. ఆ నెలలోనే చెన్నపట్టణము సగము ఖాళీయైనది. భయపడుట సహజము. భయమును సాక్ష్యముగా వ్రాసికొనుట వేఱు.

వియత్నాము యుద్ధకాలమున లిప్‌మన్ మఱల తన పాతకొలత చేతపట్టెను. 1964 ఆగష్టు 2వ తేదీని టాంకిన్ సింధుశాఖలో ఉత్తర వియత్నాము టార్పెడోపడవలు మాడక్స్ అను అమెరికా యుద్ధనౌకను ఎదుర్కొనెను. ఇది నిజము. 4వ తేదీ రాత్రి మాడక్స్‌పైనను, టర్నర్ జాయ్ అను మఱియొక నౌకపైనను రెండవ దాడి జరిగినదని వార్త వచ్చెను. ఆ రాత్రియే అధ్యక్షుడు జాన్సన్ టెలివిజనులో ప్రజలకు చెప్పి, ఉత్తర వియత్నాముపై విమానదాడికి ఆజ్ఞ యిచ్చెను. 7వ తేదీని కాంగ్రెసు, దిగువసభలో 416 ఓట్లతో ఎదురులేకయు, సెనేటులో 88 ఓట్లకు 2 ఓట్ల వ్యత్యాసముతోను, అధ్యక్షునకు సర్వాధికారములు ధారపోసెను. కాదన్న యిద్దఱు సెనేటర్లు వేన్ మోర్సు, ఎర్నెస్టు గ్రూనింగు. అయితే నౌకలమీది దళనాయకుడు అదేదినమున, రాడారులో కనబడినది వాతావరణవిశేషము కావచ్చుననియు, ధ్వనియంత్రము కడనున్నవారు తొందరపడి యుండవచ్చుననియు, పూర్తిగా విచారించి చూచినగాని ముందుకు పోవలదనియు తంతి పంపియుండెను. ఆ తంతి ప్రజలకు తెలియదు. దక్షిణ వియత్నాము పడవలు అమెరికా తోడ్పాటుతో కొలదిదినముల ముందే ఉత్తరతీరముపై దాడులు చేసినవన్న సంగతియు తెలియదు. రెండవదాడి జరుగలేదని అమెరికా జాతీయభద్రతాసంస్థ చరిత్రకారుడు వ్రాసిన విచారణ 2005లో బహిరంగమైనది. మొదటిది నిజమగుటచేతనే రెండవదానిని ఎవ్వరును శంకింపలేదు.

ఆ సెప్టెంబరులోనే జాన్సన్ లిప్‌మన్‌కు దేశపు అత్యున్నత పౌరగౌరవమైన స్వాతంత్ర్యపతకము నిచ్చెను. 1965లో బాంబుదాడులు, పదాతిదళములు మొదలుకాగా లిప్‌మన్ యుద్ధమును వ్యతిరేకించి వ్రాయసాగెను. ఇద్దఱి స్నేహమును తెగెను. 1931 సెప్టెంబరునుండి ‘నేడు, రేపు’ అను పేర నడపుచుండిన శీర్షికను 1967లో మానుకొని, వాషింగ్టను విడిచి న్యూయార్కు చేరెను. 1974 డిసెంబరు 14వ తేదీని, ఎనుబదియైదవ యేట మరణించెను.

అధికారులే తప్పు చెప్పుదురు, పత్రికలవారు సత్యవంతులు అనియు చెప్పరాదు. 1968 జనవరి కడపట, టెట్ అను వియత్నాము సంవత్సరాదినాడు, కమ్యూనిస్టు దళములు దక్షిణమున పలు నగరములపై ఒక్కుమ్మడి విరుచుకొనిపడెను. అంతకు రెండు నెలలముందే సేనాపతి వెస్ట్‌మోర్లండు యుద్ధము కడమెట్టునకు వచ్చుచున్నదన్నట్లు మాటలాడి యుండుటచే అమెరికా ప్రజలు దిగ్భ్రాంతులైరి. ఫిబ్రవరి 27వ తేదీని వాల్టర్ క్రాంకైట్ అను టెలివిజను వార్తాప్రసారకుడు ఈ యుద్ధము ఎటును తేలక నిలిచియున్నదని చెప్పగా, మార్చి 31వ తేదీని జాన్సన్ తాను తిరిగి పోటీచేయనని ప్రకటించెను. కాని పీటర్ బ్రేస్ట్రప్ అను విలేఖరి 1977లో వెలువరించిన బృహద్గ్రంథమున, ఆ దాడిలో కమ్యూనిస్టులే దారుణముగా దెబ్బతినిరనియు, పత్రికలు దానిని అమెరికా పరాజయముగా చూపెననియు విమర్శించెను. అతడు యుద్ధక్షేత్రమునుండి వార్తలు పంపినవారిలో నొకడే. సైనికముగా అతని మాట చాలవఱకు సరియే. అయినను యుద్ధము గెలువలేనిదన్న క్రాంకైట్ ధోరణి తప్పని దానిచే తేలదు. రెండును ఒకేమారు నిజమగుట యుద్ధములలో అరుదు కాదు.

2002 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు ఇరాకుపై బలప్రయోగమునకు అనుమతి నిచ్చెను. 2003 మార్చిలో దండయాత్ర సాగెను. ఇరాకు సామూహిక మారణాయుధములు దాచినదన్నది కారణము. 2004లో అమెరికా నియమించిన పరిశోధకబృందమే అట్టి నిలువలు లేవని తేల్చెను. ఆ సంవత్సరము మే 26వ తేదీని న్యూయార్కు టైమ్స్ పత్రిక, లిప్‌మన్, మెర్జ్ లెక్కపెట్టిన ఆ పత్రికయే, ఒక సంపాదకీయవివరణ ప్రకటించెను. యుద్ధమునకు ముందు తాము ప్రకటించిన కొన్ని వార్తలు తగినంత పరిశీలనము లేనివనియు, దేశము విడిచివచ్చిన ఇరాకీయుల మాటలపై ఆధారపడినవనియు అందు ఒప్పుకొనిరి. భయంకరమైన వార్తలకు ప్రముఖస్థానము దొరకినదనియు, వానిని సందేహించు తరువాతి వార్తలు కొన్ని లోపలిపుటలలో మఱుగుపడినవనియు కూడ వ్రాసిరి. ఆ వివరణ అచ్చైనది పదియవ పుటలో.